శుద్ధి చేసిన చేతులు

మా పెద్దమ్మ ఇంట్లో రెండు ఈగిల్ ఫ్లాస్కులుండేవి. ఎర్రది కాఫీకి. నీలంది నాది. నీలం ఫ్లాస్కు వంటింటి వైపు రాకూడదు. కాచిగూడలో ఆమె పోర్షన్‌లో నేను అద్దె లేకుండా ఉన్నందుకు ఆమె పెట్టిన షరతు అదొక్కటే. అందులో ఏముందని ఏనాడూ అడగలేదు. ఇరుగుపొరుగు ఎవరైనా అడిగితే "కాలేజీ సామానులే అమ్మా" అని తేల్చేసేది. ఆ కాలేజీ సామాను, మంచుముక్కల మధ్య పాలిథిన్ కవరులో చుట్టిపెట్టిన మేకపిల్ల థైమస్ గ్రంథి.

ఇది 1983 నాటి మాట. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయిపోయి పరిశోధనలో చేరిన మొదటి సంవత్సరం. ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం, నగరంలోనే. జంతువుల కణజాలంలోంచి క్రోమోజోముల ప్రోటీన్లని బయటికి తీయడం, వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి శుద్ధి చేయడం నా పని. వాటిలో ముఖ్యమైనవి హిస్టోన్లు. మన ఒక్కో కణంలో ఉన్న డీఎన్‌ఏ పోగులన్నిటినీ సాగదీసి వరసగా పెడితే దాదాపు రెండు మీటర్ల పొడవు. అది ఇమడాల్సిన కేంద్రకం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. డీఎన్‌ఏది రుణ విద్యుదావేశం, హిస్టోన్లది ధన విద్యుదావేశం. అందుకే ఆ పోగు వీటిని అంటిపెట్టుకుని, చుట్టుకుని, మడతలు పడి అంత చిన్న చోట సర్దుకుంటుంది. ఆ పట్టు విడిపించి హిస్టోన్లని మాత్రమే తెల్లటి పొడిగా సీసాలోకి తేవాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య బాగ్‌లింగంపల్లిలో ఒక పుస్తకావిష్కరణ సభలో నా పక్కన కూర్చున్న తెలుగు అధ్యాపకురాలు, నేను ఒకప్పుడు ల్యాబ్‌లో పనిచేశానని విని, "సైన్సులో స్త్రీవాదం ఏముంటుందండీ, ఎవరు పోసినా ఆమ్లం ఆమ్లమేగా" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు. ఆ పూట నవ్వి ఊరుకున్నాను. నారాయణగూడ మీదుగా ఇంటికి నడుస్తుంటే జవాబు మొదలైంది. ఆమ్లం ఆమ్లమే, ఒప్పుకుంటాను. అది పోసిన చేతుల సంగతి వేరు.

ప్యూరిఫికేషన్ అన్న మాటని తెలుగులో రాయాల్సొచ్చినప్పుడల్లా నా కలం ఆగుతుంది. శుద్ధి అనాలి. మనకా మాట ల్యాబ్ నుంచి రాలేదు. పెద్దమ్మ నా వయసు రాకముందే విధవరాలై, తెల్లవారుజామున తడిబట్టతో మడి కట్టుకుని వంట చేసిన మనిషి. అంటు, ముట్టు, మైల, ఎంగిలి: ఈ మాటలతో ఆమె రోజంతా గడిచేది. నేను పొద్దున్నే ఆ ఇంట్లోంచి బయల్దేరి, గాజుసామాను క్రోమిక్ ఆమ్లంలో నానబెట్టి, స్వేదనజలంతో మూడుసార్లు కడిగి, వేళ్లు తగలకుండా పట్టుకునే ఇంకో మడిలోకి వెళ్లేదాన్ని. రెండూ ఒకటే అనను. ల్యాబ్‌లో ఏది అంటితే ఏమవుతుందో పరీక్ష చేసి చూపించొచ్చు, మడిని అలా అడగడానికి లేదు. అయితే మనుషులు ల్యాబ్‌లోకి అడుగుపెట్టేటప్పుడు పాత మాటల్ని గుమ్మం బయట విడిచి రారు.

ఈ ప్రోటీన్ల చరిత్ర ఒక వంటింట్లోనే మొదలైంది. 1869లో ఫ్రెడరిక్ మీషర్ అనే స్విస్ యువకుడు జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఒకప్పుడు కోటకి వంటశాలగా ఉన్న గదిలో, ఆసుపత్రి నుంచి తెచ్చిన చీముపట్టిన కట్లని కడిగి తెల్లరక్తకణాలని పోగుచేశాడు. వాటి కేంద్రకాల్లోంచి న్యూక్లిన్ అనే పదార్థాన్ని తీశాడు. మనం డీఎన్‌ఏ అంటున్నది దాన్లోదే. ఆ కట్లు గాయాల మీంచి విప్పి మూట కట్టి ఇచ్చిన చేతులెవరివో ఏ పుస్తకమూ చెప్పదు. తర్వాత బాసెల్‌లో రైన్ నది సాల్మన్ చేపల వీర్యం నుంచి ప్రోటమిన్ అనే క్షారస్వభావమున్న పదార్థాన్ని తీసి 1874లో ప్రకటించాడు. పదేళ్లకి, 1884లో, ఆల్బ్రెక్ట్ కోసెల్ బాతుజాతి పక్షుల నెత్తురు తీసుకున్నాడు. మన ఎర్రరక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షులవాటిలో ఉంటుంది. ఆ కేంద్రకాలని ఆమ్లంతో కడిగితే బయటికొచ్చిన ప్రోటీన్‌కి హిస్టోన్ అని పేరు పెట్టాడు. 1910లో ఆయనకి నోబెల్ వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఇక్కడి నుంచి ఒక పేజీ తిప్పితే డీఎన్‌ఏ మెట్లనిచ్చెన వచ్చేస్తుంది. నాకు కావలసిన మనుషులు ఆ తిప్పేసిన పేజీలో ఉన్నారు.

నేను చదివిన పేపర్లలో స్టెడ్‌మన్ అండ్ స్టెడ్‌మన్ అని మాటిమాటికీ వచ్చేది. రెండేళ్లపాటు వాళ్లు అన్నదమ్ములనుకున్నాను. ఎడ్గర్, ఎలెన్. ఎడిన్‌బరోలో కలిసి పనిచేసిన భార్యాభర్తలు. 1943లో క్రోమోజోముల్లో హిస్టోన్ కాక వేరే ప్రోటీన్ కూడా ఉందని వాదించి పెద్ద తగాదా తెచ్చుకున్నారు. 1950లో హిస్టోన్లు అన్ని కణాల్లోనూ ఒకేలా ఉండవని, ఒక్కో రకం కణంలో అక్కర్లేని జన్యువులని అణిచిపెట్టేవి అవేనేమోనని రాశారు. వాళ్లు చూశామన్న తేడాల్లో చాలాభాగం తర్వాత నిలబడలేదు, అప్పటి శుద్ధి పద్ధతులు అంత కచ్చితమైనవి కావు. కానీ హిస్టోన్లు ఉత్త సంచీ గుడ్డ కాదు, జన్యువు పనిచేయాలా వద్దా అన్న దాన్లో వాటికీ పాత్ర ఉంటుందన్న ఊహ అక్కడ మొలకెత్తింది. ఆ ఇద్దరిలో ఊహ ఎవరిది, మంచునీళ్లలో గాజుగొట్టం పట్టుకున్నది ఎవరు అన్నది నేను తేల్చలేను. ఒకే ఇంటిపేరు కింద భార్య ఎలా కరిగిపోతుందో మాత్రం నా అజ్ఞానమే సాక్ష్యం.

ఇంకో పేరు డాలీ, ఎం.ఎం. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సంస్థ నుంచి మిర్‌స్కీతో, రిస్‌తో కలిసి 1951లో హిస్టోన్లలో ఏ అమైనో ఆమ్లం ఎంత ఉందో కొలిచి చెప్పిన పేపరు. 1955లో మిర్‌స్కీతో కలిసి లైసీన్ ఎక్కువగా ఉన్న హిస్టోన్లని విడిగా చూపిన పేపరు. ఈ రెండూ నా బల్ల మీద ఫొటోకాపీలుగా ఉండేవి, అంచులు నలిగి, కాఫీ మరకలతో. ఎం.ఎం. అంటే మేరీ మేనార్డ్ అని, ఆమె 1947లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి, అమెరికాలో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ అని నాకు తెలిసింది ల్యాబ్ వదిలిన ఎన్నో ఏళ్లకి. కరీబియన్ దీవుల నుంచి వలసొచ్చిన ఆమె తండ్రి కార్నెల్‌లో రసాయనశాస్త్రం చదవడానికి చేరి, డబ్బు చాలక మానేశాడు. ఆమెకి పీహెచ్‌డీ చేయించింది మేరీ కాల్డ్‌వెల్ అనే మరో స్త్రీ. 1988లో డాలీ తను చదివిన క్వీన్స్ కాలేజీలో నల్లజాతి విద్యార్థుల కోసం తండ్రి పేర ఉపకారవేతనం పెట్టింది. 2003లో చనిపోయింది. 1983లో నాకెవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఏమయ్యేది? హిస్టోన్లు వేరుగా వచ్చేవి కావు. నేను కొంచెం వేరుగా నిలబడేదాన్నేమో.

ఇంటిపేరు, రెండు పొడక్షరాలు. మనవాళ్ల పద్ధతీ అంతేగా. మన రచయిత్రులు ఎంతమంది పొడక్షరాల చాటున మగవాళ్లుగా చెలామణి అయ్యారో, కొందరు కావాలనే అయ్యారో, ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

మూడో పేరు హువాంగ్. రూ-చి హువాంగ్, చైనాలోని నాన్జింగ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన స్త్రీ. కాలిఫోర్నియాలో జేమ్స్ బానర్ ల్యాబ్‌లో బఠాణీ మొలకల నుంచి క్రోమోజోము పదార్థం తీసి, హిస్టోన్ అంటుకుని ఉన్నప్పుడు డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవడం అణిగిపోతుందని 1962లో బానర్‌తో కలిసి చూపించింది. స్టెడ్‌మన్‌ల ఊహకి పరీక్షనాళికలో రుజువు అది. అదే బానర్ బృందం నుంచి 1969లో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి వచ్చింది. హెచ్4 అనే హిస్టోన్‌లో 102 అమైనో ఆమ్లాలుంటాయి. బఠాణీ మొక్కలోదీ ఆవుదూడలోదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా రెండంటే రెండు. పెద్దమ్మకి ఈ మాట చెప్పాను. బఠాణీలు ఒలుస్తూ వింది. "అయితే ఇవి కూడా తినకూడదంటావా ఏమిటే" అంది. ఆమె హాస్యమాడిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

దూడ థైమస్ మీద ప్రపంచమంతా ఎందుకు పడిందంటే, ఆ కణాల్లో కేంద్రకమే ఎక్కువ, చుట్టూ పదార్థం తక్కువ. చిన్న ముక్క నుంచి బోలెడు హిస్టోన్ వస్తుంది. పాశ్చాత్య దేశాల కబేళాల్లో దూడ దొరకడం సులువు. ఇక్కడ 1977లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం దూడని కోయకూడదు. సిగ్మా కంపెనీ సీసాలు కొనాలంటే డాలర్లు, దిగుమతి కాగితాలు, నెలల నిరీక్షణ. అంచేత పేపర్లో దూడ అని ఉన్నచోటల్లా మేం మేకపిల్ల అని చదువుకునేవాళ్లం.

పొద్దున్న ఐదింటికి కాచిగూడ నుంచి అంబర్‌పేట కబేళా వైపు నడిచి వెళ్లేదాన్ని. మాంసం ఎన్నడూ ముట్టుకోని ఇంటి పిల్లని. మొదటిరోజు పుస్తకంలోని బొమ్మ చూపించి ఇది కావాలన్నాను. అక్కడ పెద్దాయన బొమ్మ వంక చూడనే లేదు. గొంతు కింద, గుండెకి పైన వేలుపెట్టి తెల్లటి మెత్తటి కండ తీసి చూపించాడు. "ఛోటే జాన్వరా మేచ్ మిల్తా బేటీ. బడా హుయా తో చర్బీ హో జాతా." చిన్నవాటిలోనే దొరుకుతుంది, పెరిగితే కొవ్వైపోతుంది. థైమస్ వయసుతో కుంచించుకుపోయి దాని స్థానంలో కొవ్వు చేరుతుందని నేను ఎమ్మెస్సీలో చదివాను. ఆయనకి కత్తి చెప్పింది. ఏడాదిన్నరపాటు వారానికి రెండుసార్లు, లేత జంతువు పడిన రోజు నాకోసం విడిగా ఆకులో చుట్టి ఉంచేవాడు. చాలాసార్లు డబ్బు తీసుకోలేదు, చదువుకునే పిల్ల అని.

జంతువుల అవయవాలు మన పేటలకి కొత్తవేం కావు. కుక్క కరిస్తే నారాయణగూడ ఐపీఎంకి పరిగెత్తని కుటుంబం ఈ చుట్టుపక్కల ఉండేది కాదు. ఆ రోజుల్లో మన దేశంలో పిచ్చికుక్క కాటుకి బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్ల మందు గొర్రె మెదడుతో చేసేవాళ్లు. 2004-05 ప్రాంతంలో అది మానేసి కణవర్ధనంతో చేసిన టీకాలకి మారారు. కిందివాటా పిల్లాడిని కుక్క కరిచినప్పుడు రోజూ వెంటబెట్టుకు వెళ్లింది పెద్దమ్మే. ఒకరోజు ఉండబట్టలేక ఆ మందు దేంతో చేస్తారో చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "మందుకి మైలేమిటే" అంది. ఆ తర్వాత నీలం ఫ్లాస్కు వంటింటి గడప దాకా వచ్చింది. గడప మాత్రం దాటలేదు.

ల్యాబ్‌లో నాకు పని నేర్పింది నా గైడ్ కాదు. గాజుసామాను కడిగే అక్క. యాభై దాటిన మనిషి, రోజుకూలీ మీద పెట్టుకున్నారు. క్రోమిక్ ఆమ్లానికి వేళ్లు పగిలి, గోళ్లు పసుపుపచ్చగా మారిపోయి ఉండేవి. నాకు గ్రంథిని కత్తిరించడం రాదు. చర్మం తాకితే ఒళ్లు జలదరించేది. "గట్ల గుంజకు బిడ్డా, నెత్తురు లోపలికి పోతది" అని కత్తెర తీసుకుని, మంచు మీద పెట్టిన గిన్నెలో కొవ్వు, పొర విడదీసి, నిమిషంలో సన్నగా తరిగేసేది. తర్వాత 0.25 మోలార్ చక్కెర ద్రావణంలో రుబ్బి వడకట్టాలి. దానికి నాలుగు పొరల పల్చటి నూలుగుడ్డ కావాలి. పెద్దమ్మని పాత మల్లు చీర అడిగాను. దేనికని అడగకుండా చింపి ఇచ్చింది. తెల్లచీర తప్ప ఇంకోటి కట్టుకోనివ్వని ఆచారం వల్ల ఆ ఇంట్లో వడకట్టే గుడ్డకి ఏనాడూ కొరత రాలేదు. ఇది చాలా ఏళ్లు నేను ఒక సౌకర్యంగానే గుర్తుపెట్టుకున్నాను.

వడకట్టిందాన్ని సెంట్రిఫ్యూజ్‌లో మెల్లగా తిప్పితే కేంద్రకాలు అడుక్కి చేరతాయి. వాటిని పల్చటి ఉప్పునీళ్లతో కడగాలి, తర్వాత కొంచెం చిక్కటి ఉప్పునీళ్లతో, 0.35 మోలార్ అనేవాళ్లం, మళ్లీ కడగాలి. కడిగిన నీళ్లు పారబోయాలి. మిగిలినదాన్లో చల్లటి 0.2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి రాత్రంతా కలియబెడితే హిస్టోన్లు ఆమ్లంలోకి దిగుతాయి, డీఎన్‌ఏ అడుగున ఉండిపోతుంది. పైన తేరిన ఆమ్లాన్ని ఎసిటోన్‌లో పోస్తే తెల్లగా విరుగుతుంది. బాగా వచ్చిందా లేదా అన్నది నేను జెల్ మీద చూసుకునేదాన్ని, రెండు రోజులకి. అక్క సీసా వెలుతురుకి పట్టి అప్పుడే చెప్పేది. "పాలిరిగినట్టున్నది, మంచిగ రాలే. దూది తీర్గ రావాలె." ఆమె చెప్పింది తప్పయిన రోజులు నా నోట్‌బుక్‌లో చాలా తక్కువ. ఇరవై గ్రాముల కండ నుంచి రెండు మూడు వందల మిల్లీగ్రాముల పొడి వచ్చేది.

ఆ పొడిలో ఐదు కుటుంబాలుంటాయి: హెచ్1, హెచ్2ఎ, హెచ్2బి, హెచ్3, హెచ్4. హెచ్1 ఒక్కటే ఐదు శాతం పెర్‌క్లోరిక్ ఆమ్లంలో కరుగుతుంది కాబట్టి దాన్ని ముందే తీసేయొచ్చు. మిగతావాటిని పొడవాటి గాజు స్తంభంలో జెల్ పూసలు నింపి, బొట్టు బొట్టుగా దించి విడగొట్టాలి. దానికి నలభై ఎనిమిది గంటలు. గొట్టాలు తనంతట తను మార్చే యంత్రం పాడైపోయి ఉండేది. పావుగంటకో పరీక్షనాళిక చేత్తో మార్చాలి, నాలుగు డిగ్రీల చలిగదిలో. ఆడపిల్లలు రాత్రి ఎనిమిది దాటి ల్యాబ్‌లో ఉండాలంటే ఇంటి నుంచి పెద్దవాళ్ల ఉత్తరం తేవాలన్నది అక్కడి నియమం. హిస్టోన్లకి ఆ నియమం తెలీదు. పెద్దమ్మ నాలుగో తరగతి చదువుతో, వంకర అక్షరాలతో, ప్రతిసారీ అదే ఉత్తరం రాసిచ్చేది. బయట చేరిన రోజుల్లో ఆమెకి చెప్పకుండా కాలమ్ దగ్గరే రెండు రాత్రులు గడిపేసి, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు ఉండేదాన్ని. ఆమె కనిపెట్టకపోయి ఉంటుందని ఇప్పుడు అనుకోను.

1984 వేసవిలో నా జెల్ మీద హెచ్1 పట్టీ కింద రెండు మూడు సన్నటి పట్టీలు కనబడడం మొదలైంది. ఎంత జాగ్రత్తగా చేసినా వస్తున్నాయి. నా గైడ్ జెల్‌ని దీపం మీద పెట్టి చూసి, "నీ చేతులు శుభ్రంగా లేవు" అన్నారు. వేళ్ల మీద ప్రోటీన్లని కొరికే ఎంజైములుంటాయి, నిజమే. గది నిండా కుర్రాళ్లున్నారు. ఎవరో నవ్వారు. వేరే ఎవరో అటెండర్‌ని కూడా మార్చి చూడమన్నారు. ఆ మాట వినిపించేంత దూరంలోనే అక్క సీసాలు కడుగుతోంది. "అవును, ఆమె చేతుల వల్లేమో" అని నేను అనలేదు. కానీ కాదని కూడా అనలేదు. ఆ రోజు నుంచి నా కణజాలం నేనే తరుక్కున్నాను.

అయిదారు నెలల తర్వాత ఇంకేదో వెతుకుతూ పాత సంచికలు తిరగేస్తుంటే 1970 నాటి పేపరొకటి దొరికింది. బార్ట్‌లీ, చాక్లీ రాసింది. థైమస్ నుంచి తీసిన క్రోమోజోము పదార్థాన్నే అంటిపెట్టుకుని ఒక ప్రోటియేజ్ వస్తుంది, హిస్టోన్లని కొరికేది అదే. సోడియం బైసల్ఫైట్ కలిపితే దాని పని ఆగుతుంది. మూలన పడి ఉన్న బైసల్ఫైట్ డబ్బా తెచ్చి ప్రతి ద్రావణంలోనూ కలిపాను. పట్టీలు పోయాయి. మైల చేతుల్లో లేదు, గ్రంథిలోనే ఉంది. పధ్నాలుగేళ్ల కిందటే అచ్చయి మా లైబ్రరీలోనే ఉంది. గైడ్‌కి చూపిస్తే "గుడ్" అన్నారు. అక్కకి చెప్పడానికి వెళ్లేసరికి ఆమెని వేరే విభాగానికి పంపేశారు. వెతుక్కుంటూ వెళ్లి చెప్పాలన్న ఆలోచన నాకప్పుడు రాలేదు.

ఆ సమయంలో బయట ప్రపంచం మా పద్ధతిని దాటిపోయింది. నిజానికి పదేళ్ల కిందటే దాటింది. అందరూ ఆమ్లంతో తీసిన హిస్టోన్లనే కొలిచారు. ఆమ్లంలో ఒక్కో హిస్టోన్ చక్కగా విడిపోతుంది, దాని రూపమూ చెదిరిపోతుంది. దక్షిణాఫ్రికాలో వాన్ డెర్ వెస్ట్‌హౌజెన్, వాన్ హోల్ట్ 1971లో ఆమ్లం లేకుండా మెత్తగా, ఉప్పుతో విడదీసే దారి కనిపెట్టారు. కేంబ్రిడ్జ్‌లో రోజర్ కార్న్‌బర్గ్, వేల్స్ నుంచి వచ్చిన జీన్ థామస్ అలా తీసిన హిస్టోన్లతో పనిచేసి, హెచ్3లు రెండు, హెచ్4లు రెండు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయని 1974లో చూపించారు. మర్నాడు సంవత్సరం ఎనిమిది హిస్టోన్ల ముద్దని చూపించారు. ఆ ముద్ద చుట్టూ డీఎన్‌ఏ చుట్టుకుంటుంది. అమెరికాలో ఆడా ఓలిన్స్, ఆమె భర్త డొనాల్డ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దారానికి గుచ్చిన పూసల్లాంటి వాటిని 1974లోనే అచ్చువేశారు. అంటే ముప్పై ఏళ్లపాటు ఎంతోమంది ఒక్కోదాన్ని ఎంత శుద్ధిగా తీశారో, అవి కలిసి ఎలా బతుకుతాయన్నది అంతగా కంటబడకుండా పోయింది.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది. హిస్టోన్లని చాలాకాలం సరుకు చుట్టే కాగితంగా, జన్యువుకి సేవచేసే దానిగా చూశారు కదా, చూడండి ఆడవాళ్లలాగే, అని రాసేయడం. సభల్లో చప్పట్లు పడతాయి. నాకు ఇష్టం లేదు. హిస్టోన్ స్త్రీ కాదు, దానికి వంటిల్లూ లేదు. 1964లో రాక్‌ఫెల్లర్‌లో ఆల్‌ఫ్రీ, ఫాక్‌నర్, మిర్‌స్కీ హిస్టోన్ల మీద ఎసిటైల్ గుర్తులు పడతాయని, దానికీ ఆర్‌ఎన్‌ఏ తయారీకీ సంబంధముందని చూపితే, ఆ మాట అందరూ తలకెక్కించుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అది లింగవివక్ష వల్ల కాదు, సరైన ఎంజైములు 1996 దాకా చేతికి చిక్కకపోవడం వల్ల. స్త్రీవాద చరిత్ర రాయాలంటే రసాయనాన్ని ఉపమానంగా మార్చక్కర్లేదు. రసాయనం చేసిన మనుషుల లెక్క సరిగా రాస్తే చాలు.

మన నగరం లెక్కలో కూడా ఇలాంటి పని ఉంది. 1979లో ఈ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఎద్దు వీర్యం నుంచి సెమినల్‌ప్లాస్మిన్ అనే ధనావేశమున్న చిన్న ప్రోటీన్‌ని శుద్ధి చేసి, అది బాక్టీరియాలో రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుందని నేచర్‌లో ప్రకటించారు. అది క్రోమోజోము ప్రోటీన్ కాదు గానీ మాకు అది పెద్ద ఊపు. హైదరాబాద్ నుంచి నేచర్! ఆ రంగంలో ఉన్న నా స్నేహితురాలు ఇంట్లో మాత్రం "పాడిపశువుల మీద పరిశోధన" అని చెప్పుకునేది. భార్గవ నాయకత్వంలో 1977లో మొదలైన సీసీఎంబీ తన సొంత ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న జాతికి అంకితం చేయించుకుంది. అక్కడ వీణా పర్నాయక్ కేంద్రకం లోపలి గోడకి ఆసరాగా ఉండే లామిన్ ప్రోటీన్ల మీద దశాబ్దాలు పనిచేశారు. ఆమె పేపర్లు నేను ఇంటర్మీడియెట్ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి ఇంటికొచ్చే దారిలో ఎవరో ఒకరిని అడిగి తెప్పించుకుని చదివేదాన్ని. నేను అప్పటికే ఎంఫిల్‌తో ఆపేశాను. ఆపడానికి కారణాలు పెళ్లి, బదిలీ, పిల్లాడు. ఇందులో కొత్తదనమేమీ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

రిటైరయ్యాక ఆ ఎంఫిల్ సిద్ధాంతగ్రంథం బయటికి తీశాను. కృతజ్ఞతల పేజీ ఒకటిన్నర పేజీ ఉంది. గైడ్, విభాగాధిపతి, ఫెలోషిప్ ఇచ్చినవాళ్లు, చలిగదిలో స్వెటర్ అరువిచ్చిన స్నేహితురాలు, అశోక్‌నగర్‌లో టైపు చేసిపెట్టినాయన, అమ్మానాన్న, దేవుడు. పెద్దమ్మ ఉంది, "వసతి కల్పించినందుకు" అని. చీరలు లేవు, ఉత్తరాలు లేవు. కబేళా పెద్దాయన లేడు. ఆయన పేరు నేను అడగనే లేదు. లోపల పద్ధతుల అధ్యాయంలో ఉన్నది ఒక్క వాక్యం: లేత మేకల థైమస్ స్థానిక కబేళా నుంచి సేకరించబడింది. సేకరించబడింది! తెలుగులోకి ఇంగ్లీషు నుంచి వచ్చిపడిన ఈ కర్మణి వాక్యం అంటే నాకు అందుకే కోపం. అందులో కర్త ఎప్పుడూ ఉండడు, మేకపిల్ల గొంతు దగ్గర వేలుపెట్టి చూపించిన మనిషైతే అసలే ఉండడు. జంతువుని కోసిన చేతులు, కండ తరిగిన చేతులు అంటుకి ఇటువైపు. ఫ్లాస్కు పట్టుకున్న బ్రాహ్మల పిల్ల శుద్ధికి అటువైపు. డిగ్రీ అటువైపే వచ్చింది. నా చేతులు శుభ్రంగా లేవన్న మాటకి నేను ముప్పై ఏళ్లు ఉడికిపోయాను. అదే మాట ఆ గదిలో ఇంకొకరి మీద కూడా పడిందని, ఆమెకి లైబ్రరీ లేదని, అంత ఆలస్యంగా తట్టింది.

ఇంకొక్క సంగతి. ఆ 0.35 మోలార్ ఉప్పునీళ్లు. హిస్టోన్లని శుభ్రం చేయడానికి కడిగి పారబోసే నీళ్లు. లండన్‌లో గుడ్‌విన్, శాండర్స్, జాన్స్ 1973లో ఆ నీళ్లలోకి దిగినవాటినే పట్టుకుని చూస్తే, జెల్‌లో చాలా వేగంగా పరిగెత్తే కొత్త ప్రోటీన్ల గుంపొకటి దొరికింది. వేగాన్ని బట్టే హెచ్‌ఎంజీ అని పేరు పెట్టారు. వాటిలో ఒకటి కణం బయటికి వచ్చి వాపుని, ప్రాణాంతకమైన సెప్సిస్‌ని ముదరబెడుతుందని 1999లో తెలిసింది. 1983లో ఆ మొదటి పేపరు వచ్చి పదేళ్లు. నా పనికి అవసరం లేదని నేను చదవలేదు.

అక్క మాత్రం ప్రతిసారీ అడిగేది. సెంట్రిఫ్యూజ్ ఆగాక, కొంచెం తెల్లబారిన ఆ నీళ్ల సీసా చేత్తో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి, "ఇండ్ల ఏమన్న ఉన్నదా బిడ్డా, పారబొయ్యనా?"

పారబొయ్యి అక్కా, అనేదాన్ని.